డ్యూటీకి జీతం లేదు, మెస్సు బిల్లుకు గడువు ఉంది

నర్సింగ్ చదివే అమ్మాయి ఉన్న ఇంటికి ఎవరు వచ్చినా మొదట అడిగేది ఫీజు గురించే. కన్వీనర్ సీటు, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో వచ్చిన సీటు అని చెబితే "అయితే ఇంక ఖర్చేముంది, ప్రభుత్వమే కడుతుంది కదా" అంటారు. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ చదువుతూ ఇంటి లెక్కలు కూడా నేనే చూశాను కాబట్టి గట్టిగా చెప్పగలను, మా ఇంటిని కుదిపింది ఫీజు కాదు. రావలసిన డబ్బుకు తేదీ లేకపోవడం, కట్టవలసిన డబ్బుకు మాత్రం తేదీ ఉండడం ఒక కారణం. పొద్దున్నే తెల్ల యూనిఫాం వేసుకుని వార్డులో నేను చేసిన పనికి ఒక్క రూపాయి కూడా రాకపోవడం అంతకంటే పెద్ద కారణం. మొదటిదాన్ని ఇంటివాళ్లు కష్టపడి కొంత సర్దుకోగలరు. రెండోదాన్ని ఏ తల్లీ, ఏ కూతురూ పొదుపుతో పూడ్చలేరు. పేద ఇళ్ల పిల్లలకు పొదుపు పాఠాలు చెప్పే పెద్దలు ఈ రెండో సంగతిని మాటవరసకైనా ఎత్తరు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య ఉండే ఊళ్లు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా చెట్లు చాలావరకు వేళ్లతో సహా లేచిపోయాయి. కొబ్బరి మొక్క నాటితే కాపు చూడడానికి ఐదారేళ్లు పడుతుంది. అప్పటిదాకా తోట కాగితం మీద ఆస్తే గానీ ఇంట్లోకి రూపాయి తేదు. నాన్నకు అంతకుముందే మూత్రపిండాల జబ్బు బయటపడింది. ఉద్దానంలో ఆ జబ్బు తెలియని వీధి ఉండదు. నాకు సీటు వచ్చేనాటికి ఆయన డయాలసిస్ మీద ఉన్నారు. అమ్మ పలాసలో ఒక జీడి పరిశ్రమలో పప్పు పొట్టు తీసే పనికి వెళ్లేది. తమ్ముడు ఇంటర్మీడియట్‌లో ఉన్నాడు. నేను పెద్దదాన్ని కాబట్టి, బ్యాంకు సందేశాలు చదివి అర్థం చెప్పేది నేనొక్కదాన్నే కాబట్టి, లెక్కల పుస్తకం నా చేతికి వచ్చింది. విశాఖపట్నంలో హాస్టల్ గదిలో కూర్చుని ఉద్దానంలో ఇల్లు నడపాలి.

నెలకు ఇంత వస్తుంది, ఇంత పోతుంది, మిగిలింది దాచుకోవాలి అని ఇంటి ఖర్చుల గురించి రాసే వాళ్లందరూ చెబుతారు. అది ఒకటో తారీఖున జీతం పడే ఇళ్ల పద్ధతి. మా ఇంట్లో ఏ రెండు నెలలూ ఒకలా ఉండేవి కావు. అమ్మ కూలి కిలోల లెక్కన. పిక్కలు వస్తే పని, రాకపోతే లేదు. పప్పు ధర పడిపోయినప్పుడు పరిశ్రమలవాళ్లు వారాల తరబడి తలుపులు మూసేస్తారు. అందుకే నేను నెలవారీ లెక్క మానేసి పుస్తకంలో గళ్లు గీసుకున్నాను. తేదీ తెలిసిన డబ్బు ఒక గడిలో, తేదీ తెలియని డబ్బు మరో గడిలో. మూడో గడి తర్వాత వచ్చింది, దాని గురించి ముందుకు చెబుతాను.

మొదటి గడిలో ఉన్నది ఒక్కటే, నాన్న పింఛను. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి డయాలసిస్ చేయించుకునేవారికి నెలకు 10,000 రూపాయలు ఇస్తున్నారు. అది ఒకటో తేదీన ఇంటికి వచ్చేది. మా ఇంట్లో తేదీ తప్పకుండా వచ్చే డబ్బు నాన్న జబ్బు వల్ల వచ్చే డబ్బు కావడం ఎంత బాధగా ఉండేదో మాటల్లో చెప్పలేను. బంధువులు మాత్రం దాన్ని చూసే "పదివేలు వస్తున్నాయిగా, పిల్ల చదువుకు సరిపోతుంది" అనేవారు. నేను ఆ విషయంలో అమ్మతో కూడా వాదించి ఒక నియమం పెట్టాను. నాన్న డబ్బు ముందు నాన్నకే. డయాలసిస్ ప్రభుత్వ కేంద్రంలో ఉచితమే అయినా, వారానికి రెండు మూడు సార్లు ఆటోలో తీసుకెళ్లి తీసుకురావాలి, తోడు వెళ్లిన రోజు అమ్మకు కూలి పోతుంది. డయాలసిస్‌లో ఉన్న మనిషికి మాంసకృత్తులు మామూలు మనిషికంటే ఎక్కువ కావాలి, గుడ్డు తెల్లసొన రోజూ పెట్టాలి. ఇదంతా నేను తరగతిలో చదువుకున్న విషయమే. చదువుకున్నదాన్ని పక్కన పెట్టి, ఆ గుడ్ల డబ్బు నా మెస్సు బిల్లుకు తెచ్చుకుంటే నేను ఇంకెవరికి నర్సుగా పనికొస్తాను? ఆయనకు కావలసింది పోగా మిగిలితేనే ఇంటి ఖర్చుకు తీసేవాళ్లం.

రెండో గడిలో పథకాల డబ్బు ఉండేది. నేను చదివిన కాలంలో ఫీజు విద్యా దీవెన కింద మూడు నెలలకోసారి తల్లి ఖాతాలో పడాలి, అమ్మ దాన్ని కళాశాలకు కట్టాలి. హాస్టల్, భోజనం ఖర్చులకు వసతి దీవెన కింద డిగ్రీ, ఆపై చదువులవాళ్లకు ఏడాదికి 20,000 రూపాయలు విడతలుగా ఇచ్చేవారు. ఈ సాయం లేకపోతే నేను చదివేదాన్ని కాదు, అది నిజం. కానీ మెస్సు బిల్లు ప్రతి నెలా ఐదో తేదీకి కట్టాలి. అమ్మ డ్వాక్రా సంఘం బాకీ పదో తేదీ దాటితే ఆమె ఒక్కతే కాదు, సంఘంలో పదిమందీ మాట పడతారు. సంవత్సరానికి ఒకటో రెండో విడతల్లో, ముందుగా తెలియని రోజున వచ్చే డబ్బు ప్రతి నెలా ఐదో తేదీన వచ్చే బిల్లును ఎలా కడుతుంది? అంకెలు కూడితే సంవత్సరం మొత్తానికి ఇంచుమించు సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ ఒక విడతకూ మరో విడతకూ మధ్య ఉన్న నెలల్లో ఇల్లు వడ్డీకి తెచ్చి నడుస్తుంది. ఆ వడ్డీ ఏ పథకం లెక్కలోనూ ఉండదు.

అందుకే మొదటి ఏడాదిలోనే రెండు పనులు చేశాను. ఫీజు డబ్బు పడే ఖాతాను, సంఘం బాకీ కట్టే ఖాతాను వేరు చేయించాను. ఫీజు డబ్బు ఇంట్లో ఎంత అవసరం ఉన్నా ముట్టకూడదని అమ్మతో చెప్పాను. పడిన వారంలోపే కళాశాలలో కట్టి రసీదు ఫోటో తీసి పెట్టుకునేవాళ్లం. రెండోది, వసతి డబ్బు వచ్చినప్పుడు పాత బాకీలన్నీ ఒకేసారి తీర్చేయాలనే కోరికను ఆపుకుని, రెండు నెలల మెస్సు బిల్లు పక్కన పెట్టాను. "వడ్డీ నడుస్తుంటే చేతిలో డబ్బు పెట్టుకుంటారా" అని మామయ్య కోప్పడ్డారు. ఆయన మాటలో న్యాయం ఉంది. కానీ చేతిలో ఏమీ లేనప్పుడు ఐదో తేదీ వస్తే తెచ్చే కొత్త అప్పు, తీర్చిన పాత అప్పుకంటే ఎప్పుడూ ఎక్కువ వడ్డీకే దొరుకుతుంది. ఇది నాలుగేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు.

వడ్డీ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో దీని మీద సిగ్గు ఎక్కువ, లెక్క తక్కువ. "నూటికి మూడు రూపాయలే కదా" అని ఊళ్లో తెచ్చుకుంటారు. నూటికి నెలకు మూడు అంటే ఏడాదికి ముప్పై ఆరు. 30,000 తెస్తే నెలకు 900, ఏడాదికి 10,800 వడ్డీ. అసలు అలాగే ఉంటుంది. అదే 30,000 బ్యాంకులో బంగారం పెట్టి ఏడాదికి తొమ్మిది శాతానికి తెస్తే వడ్డీ 2,700. తేడా 8,100 రూపాయలు, హాస్టల్‌లో కొన్ని నెలల భోజనం. అయినా మా వైపు చాలా ఇళ్లలో మూడు రూపాయల వడ్డీకే వెళ్తారు, ఎందుకంటే గొలుసు మెడలో లేకపోతే నలుగురూ చూస్తారు, నోటు రాసిస్తే ఎవరికీ కనబడదు. అమ్మ గొలుసు బ్యాంకులో పెట్టించినప్పుడు పిన్ని ఏడ్చింది. అమ్మ ఏడవలేదు, పసుపు తాడుతోనే పెళ్లిళ్లకు వెళ్లింది. తాకట్టు పెట్టడం పరువు తక్కువ అనే మాట ఆడవాళ్ల చేత మూడు నాలుగు రెట్ల వడ్డీ కట్టిస్తోంది. ఆ పరువును నేను గౌరవించలేను. బంగారం ఇంట్లో ఉన్నది కష్టానికి ఆదుకోవడానికే. అమ్మేయకండి, పెట్టండి, వడ్డీ కట్టే తేదీ రాసిపెట్టుకోండి.

పెళ్లిళ్లలో చదివింపులు కూడా నాలుగేళ్లు ఆపేశాం. వెళ్లాం, పని చేశాం, వడ్డించాం, కవరు మాత్రం ఇవ్వలేదు. కొందరు మాట్లాడటం తగ్గించారు. మాట్లాడినవాళ్లే మిగిలారు, వాళ్లు చాలు.

ఫీజు బయట ఉండే ఖర్చులు ఎవరూ ముందు చెప్పరు. యూనిఫాంలు, తెల్ల బూట్లు, స్టెతస్కోపు సరే, అవి ఒకసారి కొనేవి. తర్వాత రికార్డులు మొదలవుతాయి. కేర్ ప్లాన్లు, కేస్ స్టడీలు, డ్రగ్ ఫైలు, ప్రొసీజర్ బుక్, ప్రసూతి వార్డుకు వెళ్తే కేస్ బుక్. ప్రతి పోస్టింగులోనూ, అంటే ఒక్కో విభాగంలో కొన్ని వారాలు చేసే డ్యూటీలో, ఆరోగ్య బోధన చేయాలి, దానికి చార్టులు, ఫ్లాష్ కార్డులు, థర్మాకోల్ బొమ్మలు. రోగికి మధుమేహం గురించి చెప్పడానికి నిజంగా కావలసింది ఎదురుగా కూర్చుని మాట్లాడగల నర్సు. మార్కులు మాత్రం రంగు కాగితాలకు పడతాయి. ఒక్కో చార్టు ఖర్చు చిన్నదే అనిపిస్తుంది, ఏడాది చివర కూడితే ఒక నెల మెస్సు బిల్లుకు దగ్గరగా వస్తుంది. నర్సింగ్ అధ్యాపకులు ఎవరైనా దీన్ని చదివితే ఒక్కటే అడుగుతాను. పాత చార్టులు కళాశాలలో భద్రపరచి జూనియర్లు వాడుకోనివ్వండి. మా సీనియర్ ఒకరు తన చార్టుల కట్ట మొత్తం నాకు ఇచ్చి వెళ్లారు, వాటితో నేను ఒక సంవత్సరం గడిపాను.

మానసిక వైద్యం పోస్టింగుకు ఉత్తరాంధ్ర కళాశాలల పిల్లలు విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వస్తారు. తెలంగాణలో అయితే హైదరాబాద్ ఎర్రగడ్డకు. నేను విశాఖలోనే చదివాను కాబట్టి నాకు ఆ ఖర్చు తప్పింది. విజయనగరం వైపు నుంచి, ఇంకా దూరం నుంచి వచ్చిన అమ్మాయిలు ఆ వారాలన్నీ గది అద్దెకు తీసుకుని, పది మంది ఒకే గదిలో ఉండి, సొంత కళాశాల హాస్టల్‌కు కూడా బిల్లు కట్టడం చూశాను. చేరేముందు ఏ కళాశాలకు ఏ ఆసుపత్రి అనుబంధంగా ఉందో, బయటి పోస్టింగులకు బస ఎవరు చూస్తారో అడగండి. ఫీజు గురించి అడగడం కంటే ఇది ముఖ్యం.

నా గదిలో ఉండే స్నేహితురాలిది యాజమాన్య కోటా సీటు, విద్యా రుణం మీద చదివింది. ఆమె ఇంట్లో అందరూ "ఉద్యోగం వచ్చాకే కట్టాలి" అని నిశ్చింతగా ఉన్నారు. భారతీయ బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం నాలుగు లక్షల వరకు హామీ ఆస్తి అడగకూడదు, కోర్సు అయిన ఏడాది తర్వాతే వాయిదాలు మొదలవుతాయి. ఇవి మంచి షరతులే. కానీ వాయిదాలు మొదలుకాకపోయినా వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచీ నడుస్తుంది. ఏడాదికి 75,000 చొప్పున నాలుగేళ్లు తీసుకుందాం, వడ్డీ పది శాతం అనుకుందాం. మొదటి ఏడాది తీసుకున్నదానికి ఐదేళ్ల వడ్డీ, రెండో ఏడాదిదానికి నాలుగేళ్లది, అలా లెక్క వేస్తే వాయిదాలు మొదలయ్యే నాటికి వడ్డీయే 1,05,000 అవుతుంది. మూడు లక్షల అప్పు 4,05,000 అయి కూర్చుంటుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 5,350. ఈ లెక్క ఆమెకు నేను వేసి చూపించేదాకా బ్యాంకులో ఎవరూ చెప్పలేదు. చదువుతుండగానే వడ్డీ కడుతూ పోతే రేటులో కొంత తగ్గింపు ఇస్తారని గానీ, ఏడాది ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉన్న కుటుంబాలకు అర్హత ఉన్న కోర్సుల్లో ఆ వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉందని గానీ చెప్పలేదు. ఆదాయ ధ్రువపత్రం పట్టుకుని ఆమె తండ్రి మళ్లీ తిరగవలసి వచ్చింది.

ఇక ఆ 5,350 దేనిలోంచి కట్టాలి? నర్సుల జీతాలపై సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశాల మేరకు ఏర్పాటైన కమిటీ, యాభై పడకల కంటే తక్కువ ఉన్న చిన్న ఆసుపత్రి అయినా నర్సుకు నెలకు 20,000కు తగ్గకుండా ఇవ్వాలని సిఫారసు చేసింది. రెండు వందల పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలంది. ఇన్నేళ్లు గడిచినా మన జిల్లా పట్టణాల్లో కొత్తగా చేరిన నర్సుకు పదిహేను వేలు కూడా ఇవ్వని ఆసుపత్రులు నాకు తెలుసు. అందులో మూడో వంతు పైగా అప్పుకే పోతుంది. అమ్మాయిని చదివించిన ఇల్లు ఆమె జీతం కోసం ఎదురుచూస్తుంటే, ఆమె గది అద్దెకు ఇంటినుంచే డబ్బు తెప్పించుకోవలసి వస్తుంది.

"పార్ట్‌టైమ్ పని చేసుకోవచ్చు కదా" అనే సలహా చాలామంది ఇచ్చారు. నర్సింగ్ నిబంధనలు తెలియక ఇచ్చే సలహా ఇది. భారతీయ నర్సింగ్ కౌన్సిల్ నియమం ప్రకారం పరీక్ష రాయాలంటే తరగతుల్లోనూ ప్రాక్టికల్స్‌లోనూ ఎనభై శాతం హాజరు ఉండాలి, పట్టా చేతికి రావాలంటే క్లినికల్ హాజరు నూటికి నూరు శాతం పూర్తికావాలి. జ్వరం వచ్చి పడుకున్న రోజు కూడా తర్వాత ఎప్పుడో డ్యూటీ చేసి పూడ్చాలి. పొద్దున డ్యూటీ, మధ్యాహ్నం తరగతులు, రాత్రి రికార్డులు, మధ్యలో నైట్ డ్యూటీల వారాలు. డిగ్రీ చదివే పిల్లలు సాయంత్రం దుకాణంలో నిలబడి నాలుగు డబ్బులు తెచ్చుకోగలరు, నర్సింగ్ విద్యార్థికి ఆ సాయంత్రం లేదు. కొందరు చిన్న నర్సింగ్ హోముల్లో రాత్రిపూట పనికి వెళ్తారు. వాళ్ల అవసరం నాకు తెలుసు. అయినా ఆ పనిని సమర్థించలేను. నర్సుగా రిజిస్ట్రేషన్ లేని పిల్ల చేతికి, పై నర్సు లేని వార్డులో, ఇంజెక్షన్ ట్రే ఇవ్వడం రోగి ప్రాణంతో ఆడుకోవడం. ఏదైనా జరిగితే యజమాని పేరు బయటకు రాదు, ఆ అమ్మాయి చదువు పోతుంది.

మూడో గడి పుట్టింది ఇక్కడే. రెండో ఏడాదిలో ఒక నెల లెక్కలు రాస్తూ, తమ్ముడు కళాశాల మానేసి విశాఖలో ఏదైనా పనిలో చేరతానంటున్నాడని అమ్మ చెప్పిన రోజున, వాడు తెచ్చే జీతం ఎంతో రాసి చూశాను. పక్కనే అనుకోకుండా నాది కూడా రాశాను. నేను చేస్తున్న డ్యూటీకి కూలి కట్టాలంటే ఎంత? నర్సు జీతం వేసుకోలేదు, నాకు ఇంకా అర్హత రాలేదు. ఊళ్లో అందరికీ తెలిసిన రేటు వేసుకున్నాను. ఉపాధి హామీ పనికి 2022-23లో మన రాష్ట్రంలో రోజు కూలి 257 రూపాయలు. నెలకు 24 డ్యూటీలు అనుకుంటే 6,168. సెలవులు, పరీక్షలు తీసేసి పది నెలలే లెక్క వేసినా ఏడాదికి 61,680. వసతి దీవెన 20,000. ఈ రెంటి మధ్య ఉన్న నలభై వేలు ఎవరు కడుతున్నారు? జీడి నూనె తగిలి చేతుల తోలు ఊడిపోయిన మా అమ్మ కడుతోంది. తోట పోయిన నాన్న కడుతున్నారు. చదువు మానేస్తానంటున్న తమ్ముడు కట్టబోతున్నాడు. ఆ గడి నిండిన తర్వాత నాకు పొదుపు గురించి ఎవరు ఏం చెప్పినా వినబుద్ధి కాలేదు. మేం దుబారా చేసింది ఏమీ లేదు. మేం ఆసుపత్రికి ఉచితంగా పని ఇస్తున్నాం, దాని ఖర్చు మా ఇల్లు మోస్తోంది. ఊళ్లో గుంత తవ్వినందుకు ఇచ్చే కూలి కూడా వార్డులో రోగికి కాథెటర్ (మూత్రపు గొట్టం) శుభ్రం చేసినందుకు ఇవ్వరా?

దీనికి వచ్చే సమాధానం నాకు తెలుసు. "మీరు నేర్చుకోవడానికి వస్తున్నారు, పని చేయడానికి కాదు." నియమం కూడా అదే చెబుతుంది. విద్యార్థులను సిబ్బంది లెక్కలో వేయకూడదు. బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ఆ ప్రమాణం పాటిస్తున్న వార్డులో నేను విద్యార్థిగా నిలబడి ఉంటే ఈ వాదన ఒప్పుకునేదాన్ని. నేను చూసిన వార్డుల్లో ఇద్దరు నర్సులు, నేల మీద పరుపులతో కలిపి వార్డు నిండా రోగులు. బీపీలు, ఉష్ణోగ్రతలు, పక్కలు సర్దడం, సెలైన్ సీసాలు మార్చడం, శాంపిళ్లు ల్యాబుకు మోసుకెళ్లడం విద్యార్థులు లేని ఆదివారం ఎలా ఆగిపోతుందో ఆ సిస్టర్లనే అడగండి. వాళ్లు మమ్మల్ని దోచుకోలేదు, వాళ్లే మునిగిపోతున్నారు. మాకు నేర్పే తీరిక వాళ్లకు ఉండేది కాదు, పని చెప్పే అవసరం మాత్రం ఉండేది.

పైగా నేర్చుకునేవాళ్లకు డబ్బు ఇవ్వకూడదనే నియమం ఎక్కడా లేదు. ఎంబీబీఎస్ చదివి హౌస్ సర్జన్లుగా చేసే పిల్లలు నేర్చుకుంటూనే స్టైపెండ్ తీసుకుంటారు, అది పెంచమని సమ్మెలు చేస్తారు, చేయాలి కూడా. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ మొదలుపెట్టిన పాఠశాలలో శిక్షణ పొందేవారికి భోజనం, బస, యూనిఫాంతో పాటు ఏడాదికి పది పౌండ్లు చేతికి ఇచ్చేవారు. ఏటా మే 12న మనం దీపాలు పట్టుకుని ఆమె పేరుతో ప్రమాణం చేస్తాం, ఈ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. జర్మనీలో మూడేళ్ల నర్సింగ్ శిక్షణలో చేరినవారికి శిక్షణ కాలంలోనే నెలనెలా వేతనం ఉంటుంది. మన అమ్మాయిలు ఇప్పుడు జర్మన్ భాష నేర్చుకుంటున్నది ఊరికే కాదు. అంత దూరం ఎందుకు, తెలంగాణ ప్రభుత్వం 2022లో ప్రభుత్వ నర్సింగ్ కళాశాలల విద్యార్థుల స్టైపెండ్‌ను మొదటి ఏడాదివారికి 1,500 నుంచి 5,000కు పెంచింది. నా మూడో గడిలో ఉన్న 6,168కి అది దగ్గరగా ఉంది. అంటే నేను అడుగుతున్నది గాలిలో మేడ కాదు. ఒక ప్రభుత్వం ఇవ్వగలిగిన డబ్బు అది.

కానీ అది ప్రభుత్వ కళాశాలలకే. మన రెండు రాష్ట్రాల్లోనూ నర్సింగ్ చదివే పిల్లల్లో ఎక్కువమంది ప్రైవేటు కళాశాలల్లో ఉన్నారు. సొంతంగా పెద్ద ఆసుపత్రి లేని కళాశాలలు రుసుము కట్టి తమ విద్యార్థులను ప్రభుత్వాసుపత్రులకు పంపుతాయి, ఆ రుసుము చివరికి తల్లిదండ్రుల దగ్గరే వసూలవుతుంది. ప్రభుత్వ వార్డులో పక్కపక్కనే నిలబడి ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరికి స్టైపెండ్, మరొకరి నుంచి రుసుము. ప్రైవేటు కళాశాలలే స్టైపెండ్ ఇవ్వాలని నేను అడగను, అలా చేస్తే అది ఇంకో పేరుతో ఫీజులో కలిసి తిరిగి మా మీదే పడుతుంది. పని ఎక్కడ జరుగుతోందో ఆ ఆసుపత్రి ఇవ్వాలి. ప్రభుత్వాసుపత్రి అయితే ప్రభుత్వం, కార్పొరేట్ ఆసుపత్రి అయితే ఆ యాజమాన్యం. అన్ని సంవత్సరాలకూ ఒకేసారి సాధ్యం కాకపోతే పూర్తి డ్యూటీలు చేసే చివరి ఏడాది ఇంటర్న్‌షిప్ నుంచి మొదలుపెట్టవచ్చు.

స్టైపెండ్ వచ్చేదాకా ఇళ్లు ఆగవు కాబట్టి ఒక మాట. ఇల్లు నాలుగేళ్లు మోయలేదని ముందే తెలిస్తే మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా జీఎన్‌ఎం తీసుకోవడం చిన్నతనం కాదు. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష నార్సెట్‌కు బీఎస్సీవాళ్లు నేరుగా రాయవచ్చు, జీఎన్‌ఎం వాళ్లకు యాభై పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. ఆ ఉద్యోగం మూల వేతనం 44,900. దారి కొంత చుట్టు, అంతే. ఇంటి పరిస్థితి తెలిసిన పిల్లే ఆ నిర్ణయం తీసుకోవాలి, ఊరివాళ్లు కాదు.

కోర్సు అయ్యాక ఇంకో గండం ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలు మారినా పేరుకుంటూనే ఉన్నాయి. అది విద్యార్థి చేసిన బాకీ కాదు. అయినా ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే ముందు ఆ మొత్తం కట్టమన్నారు, మా బ్యాచ్‌లో కొందరికి ఇదే జరిగింది. సర్టిఫికెట్లు లేకపోతే కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ జరగదు, రిజిస్ట్రేషన్ లేకపోతే ఉద్యోగం రాదు, ఉద్యోగం లేకపోతే ఆ డబ్బు కట్టలేరు. చదువు పూర్తిచేసిన నర్సులు ఇళ్లలో కూర్చుంటే, నర్సులు లేక వార్డులు అల్లాడుతుంటాయి. మేం రసీదులన్నీ దాచుకున్నాం కాబట్టి, ఏ విడత మా ఖాతాకు వచ్చింది, ఏది రాలేదు అని కాగితం మీద చూపించగలిగాం. అందుకు కూడా చాలాసార్లు తిరగవలసి వచ్చింది, అమ్మ మళ్లీ కూలి పోగొట్టుకుంది.

ఇప్పుడు నేను ఉద్యోగంలో ఉన్నాను. తమ్ముడు చదువు మానలేదు, డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నాడు. గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది, వచ్చే సంక్రాంతిలోపు విడిపించాలని అనుకుంటున్నాను. ఈ ఏడాది పిన్ని కూతురు నర్సింగ్ కౌన్సెలింగ్‌కు వెళ్తోంది. ఉన్న అర ఎకరం అమ్మేద్దామా అని పిన్ని అడిగింది, వద్దన్నాను. కళాశాలలకు ఫోన్ చేసి మెస్సు బిల్లు తేదీ, బయటి పోస్టింగుల బస, పరీక్ష ఫీజులు, రికార్డుల ఖర్చు ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నాం. ఒక కళాశాలలో గుమస్తా "ఇవన్నీ చేరాక తెలుస్తాయమ్మా" అన్నాడు. ఆ కళాశాల పేరు ఎంపికల జాబితాలోంచి కొట్టేశాం.